దుమ్ముకు పుట్టిల్లు ఎక్కడ?

ఎడారిలో దుమ్ము రేగితే వింతేమున్నది? "ఎడారి గదా, దుమ్ము కాక పన్నీరు కురుస్తుందా?" అని ఊరుకోవచ్చు. కాని అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని కీలర్ అనే పల్లె కథ వింటే అలా ఊరుకోబుద్ధి కాదు.

సియరా నెవాడా పర్వతాలకు తూర్పున, ఓవెన్స్ లోయలో, వందమంది జనమైనా లేని ఊరది. గాలి లేచిన రోజున ఊరి ముందు తెల్లని గోడ నిలబడ్డట్టు దుమ్ము కమ్ముకునేది. తలుపులు బిగించుకుని లోపల కూర్చోవడం తప్ప గత్యంతరం లేదు. అమెరికా మొత్తం మీద ఒక్క చోటి నుంచి ఇంత సన్నధూళి లేచే తావు మరొకటి లేదని ఒకనాడు లెక్క తేలింది.

సన్నధూళి అంటే 10 మైక్రాన్లకు మించని రేణువు. మన తల వెంట్రుక మందంలో సుమారు ఏడో వంతు! ముతక దుమ్మును ముక్కు ఆపుతుంది. ఇది మాత్రం ఊపిరితిత్తులలోకి దిగిపోతుంది. ఉబ్బసం ఉన్నవారికి, పసివాళ్ళకు, పెద్దవాళ్ళకు దీనితో ముప్పు ఎక్కువ. పైగా కీలర్ ధూళిలో ఆర్సెనిక్ అనే విషపదార్థం కూడా ఉన్నది. ఘనమీటరు గాలిలో ఇటువంటి ధూళి 24 గంటల సగటున 150 మైక్రోగ్రాములకు మించరాదని 1987లో అమెరికా ప్రభుత్వం హద్దు పెట్టింది. కీలర్‌లో ఆ హద్దుకు ఇరవై రెట్లు దాటిన రోజులున్నాయి.

ఆవిరి పడవ తిరిగిన చోట

ఈ దుమ్ము లేచే బయలు ఒకప్పుడు 110 చదరపు మైళ్ళ సరస్సు. 1872లో 'బెస్సీ బ్రేడీ' అనే ఆవిరి పడవ దానిలో ప్రయాణం ప్రారంభించింది. కొండ మీది గనుల నుంచి వచ్చిన వెండి దిమ్మెలను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చేది.

1913లో లాస్ ఏంజిలిస్ నగరం 233 మైళ్ళ కాలువ నిర్మించి, ఓవెన్స్ నదిని తన దాహానికి మళ్ళించుకున్నది. ఆ కాలువకు సూత్రధారి విలియం ముల్‌హాలండ్ అనే ఇంజనీరు. నగరం పచ్చబడింది. పదిహేనేళ్ళు తిరగకుండానే సరస్సు ఎండిపోయింది.

ఆ సరస్సు నుంచి నీరు బయటికి పోయే దారి లేదు. వేల ఏళ్ళుగా నది మోసుకొచ్చిన ఉప్పులన్నీ అందులోనే మిగిలాయి. నీరు ఇంకాక అవి నేల మీద పెచ్చులు కట్టాయి. చలికాలపు తడికి ఆ పెచ్చు పొంగి, గుల్లబారి, గాలి సోకితే చాలు బూడిదలా లేచిపోతుంది.

మరి నేరం రుజువైనట్టే గదా అంటారేమో! అంత తేలిక కాదు. సరస్సు అడుగంతా దుమ్ము లేపదు. కొన్ని చోట్ల పెచ్చు రాయిలా గట్టిగా ఉంటుంది. ఈ ఏడు రేగిన నేల మరుసటేడు రేగకపోవచ్చు. అంతటికీ నీళ్ళు పెట్టమంటే నగరం ఒప్పుకుంటుందా? కనుక దుమ్ము పుట్టే చోటేదో వేలుపెట్టి చూపించవలసి వచ్చింది.

ఇసుక చెప్పిన సాక్ష్యం

ఇక్కడ సాయపడింది ఇసుకరేణువు. రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు లిబియా ఎడారిలో తిరిగి, ఇసుక కదలికను పరిశీలించి, 1941లో గ్రంథం ప్రకటించాడు. గాలికి ఇసుక దూదిలా ఎగిరిపోదు. కప్పలా గెంతుతూ పోతుంది. అలా గెంతి నేల మీద పడ్డప్పుడల్లా, రోట్లో రోకలి పడితే పిండి లేచినట్టు, సన్నధూళిని లేపుతుంది. ఇసుక ఎక్కడ ఎక్కువ గెంతితే ధూళి అక్కడ ఎక్కువ పుడుతున్నదన్నమాట!

అందుచేత సరస్సు అడుగున చోటుచోటా గొట్టాలు పాతారు. వాటి మూతి నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. గెంతే ఇసుక అందులో పడుతుంది. నెలకొకసారి తీసి తూస్తారు. ఎంత పడిందో గొట్టం చెబుతుంది గాని, ఎప్పుడు పడిందో చెప్పదు. దానికి పక్కనే మరొక పరికరం ఉంటుంది. రేణువు తగిలినప్పుడల్లా అది విద్యుత్తు ద్వారా లెక్క రాసుకుంటుంది. రెండూ కలిపి చూస్తే ఏ గంటలో, ఏ చోట, ఎంత ఇసుక కదిలిందో తెలిసిపోతుంది.

గట్టుల మీది కెమెరాలు దుమ్ము మేఘం ఎక్కడ మొదలయిందీ పట్టిస్తాయి. ఒడ్డునున్న యంత్రాలు గాలిలోని ధూళినీ, గాలి వచ్చిన దిక్కునూ నమోదు చేస్తాయి. గాలి తగ్గాక మనుషులు వెళ్ళి, అది చెక్కిన నేల చుట్టూ నడిచి హద్దులు గుర్తిస్తారు. ఈ సాక్ష్యాలన్నీ ఒకే తావును చూపితే, దోషి దొరికినట్టే.

నీరు తిరిగి వచ్చింది

దుమ్ము అణచే పని నగరానిదే కావాలని 1983లో రాష్ట్రం చట్టం చేసింది. తగవులు ఎన్నో జరిగిన తరువాత 1998లో నగరానికీ, ఆ ప్రాంతపు గాలిని కాపాడే సంస్థకూ ఒప్పందం కుదిరింది. 2001 చివర నుంచి గుర్తించిన చోట్ల పలుచగా నీరు నిలపసాగారు. కొన్ని చోట్ల ఉప్పునేలను తట్టుకునే గడ్డి పెంచారు. మరికొన్ని చోట్ల కంకర పరిచారు. ఇంతవరకు ఖర్చు 200 కోట్ల డాలర్లు దాటింది. దుమ్ము చాలావరకు అణగింది. ఎవరూ పిలవకుండానే వేలకొలది నీటిపక్షులు వచ్చి వాలుతున్నాయి. ఐతే సరస్సు మాత్రం మునుపటిలా నిండలేదు.

లాస్ ఏంజిలిస్‌లో కాపురమున్న మన తెలుగు కుటుంబాలూ చాలానే ఉన్నాయి. వారి ఇళ్ళ కొళాయిలలోకీ ఆ లోయ నీరు వస్తూనే ఉన్నది. ఎక్కడో పల్లెలో పిల్లవాడు దగ్గితే, ఇక్కడ కొళాయి తిప్పే మనకేమిటి సంబంధమని ఎనభై ఏళ్ళకు పైగా గడిచిపోయింది. ఆ సంబంధం ఏమిటో లోకానికి లెక్కకట్టి చూపించింది నేలలో పాతిన గొట్టాలలో పడ్డ గుప్పెడు ఇసుక!