సామూహిక హింస: ఒకే సాక్ష్యం, రెండు వ్యాఖ్యానాలు

పరిచయం

సామూహిక హత్యల గురించి చదివేటప్పుడు మృతుల సంఖ్య మొదట మన దృష్టికి వస్తుంది. చరిత్రకారుడు అక్కడితో ఆగడు. చంపినవారు ఎవరు, ఎందుకు చంపారు, ఆ సంగతి మనకు ఎవరి మాటల ద్వారా తెలిసింది అని కూడా అడుగుతాడు. ఈ ప్రశ్నలను ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

1. యూజెఫూఫ్ సంఘటన

1942 జూలై 13న, జర్మనీ ఆక్రమణలో ఉన్న పోలండ్‌లోని యూజెఫూఫ్ గ్రామానికి రిజర్వ్ పోలీస్ బెటాలియన్ 101 చేరుకుంది. అందులోని సుమారు 500 మందిలో అధికులు హాంబర్గ్ ప్రాంతానికి చెందిన నడివయసు సంసారులు. యూదు స్త్రీలను, పిల్లలను, వృద్ధులను కాల్చివేయాలన్న ఆజ్ఞను మేజర్ ట్రాప్ వారికి వినిపించాడు. ఈ పని తమవల్ల కాదనుకునే పెద్ద వయసువారు తప్పుకోవచ్చునని కూడా చెప్పాడు. అప్పుడు తప్పుకున్నవారు సుమారు 12 మంది. కాల్పులు మొదలైన తరువాత మరికొందరు విరమించుకున్నారు. ఆ రోజు సుమారు 1500 మంది హతులయ్యారు.

2. ఆధారాల స్వభావం

ఈ వివరాలకు ముఖ్య ఆధారం 1960వ దశకంలో పశ్చిమ జర్మనీ న్యాయాధికారులు ఆ పోలీసుల నుంచి నమోదు చేసిన వాంగ్మూలాలు. ఇవి ఇరవై ఏళ్ల తరువాత, విచారణను ఎదుర్కొంటూ చెప్పిన మాటలు. చనిపోయినవారి గొంతు వీటిలో వినిపించదు.

3. రెండు వ్యాఖ్యానాలు

క్రిస్టఫర్ బ్రౌనింగ్ 'ఆర్డినరీ మెన్' (1992) గ్రంథంలో తోటివారి ఒత్తిడి, అధికారానికి విధేయత, పిరికివారనిపించుకుంటామన్న భయం మామూలు మనుషులను హంతకులుగా మార్చాయని వాదించాడు. డేనియల్ గోల్డ్‌హాగెన్ 1996లో ఇదే బెటాలియన్‌ను పరిశీలించి, జర్మన్ సమాజంలో పాతుకుపోయిన యూదు ద్వేషమే కారణమన్నాడు.

తేడా ఎక్కడ మొదలైందో గమనించండి. తమ నేరాన్ని తగ్గించి చూపే వాంగ్మూలాలను, వేరే ఆధారం బలపరిస్తే తప్ప, గోల్డ్‌హాగెన్ పక్కన పెట్టాడు. బ్రౌనింగ్ వాటిని ఒకదానితో ఒకటి సరిపోల్చి, నమ్మదగినవాటిని స్వీకరించాడు. అంటే, ఏ సాక్ష్యాన్ని నమ్మాలన్న నిర్ణయంతోనే వ్యాఖ్యానం మొదలవుతుంది. గోల్డ్‌హాగెన్ చెప్పిన ఏకైక కారణం చాలదని పలువురు చరిత్రకారులు విమర్శించారు.

4. అర్థం చేసుకోవడం, క్షమించడం

హంతకులను మామూలు మనుషులంటే వారి నేరాన్ని తేలిక చేసినట్లు కాదా అన్న సందేహం మీకు రావచ్చు. ఆ రోజు తప్పుకున్నవారికి కఠిన శిక్షలు పడలేదు. కాబట్టి కాదనే అవకాశం మిగిలినవారికీ ఉంది. కారణం వివరించినంత మాత్రాన బాధ్యత తొలగిపోదు.

హంతకుల మాటలకే పరిమితమైన చరిత్ర అసంపూర్ణం. అందుకే సాల్ ఫ్రీడ్లాండర్ తన రచనలో నాజీ ప్రభుత్వ పత్రాల పక్కన బాధితుల డైరీలకూ చోటిచ్చాడు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. న్యాయ విచారణ వాంగ్మూలాలను చరిత్రకారుడు ఎందుకు జాగ్రత్తగా చదవాలి?
2. బ్రౌనింగ్, గోల్డ్‌హాగెన్‌ల పద్ధతులను పోల్చండి.