స్మారకం ఏ ఊళ్లో ఉంది?

‘కారంచేడు మృతుల స్మారకం చీరాలలో ఎందుకుంది మేడమ్?’ అని తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. ఆ అబ్బాయి పుట్టేనాటికి కారంచేడు ఇరవయ్యేళ్ల పాత వార్త. పాఠ్యాంశం స్థానిక చరిత్ర రచన. నేను సిద్ధం చేసుకున్న పాఠాన్ని పక్కన పెట్టి ఆ ప్రశ్నతోనే గంటంతా గడపవలసి వచ్చింది.

1985 జూలైలో కారంచేడు మాదిగపల్లె మంచినీటి చెరువు దగ్గర ఒక కమ్మ యువకుడు గేదెల కుడితి బకెట్ కడిగాడు. తాగే నీళ్లలో అదేమిటని అడిగిన వికలాంగ దళిత యువకుడిపై దెబ్బ పడబోయింది. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త తన బిందె ఎత్తి అడ్డుపడింది. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లెపై దాడి జరిగింది. ఆరుగురిని చంపారు, స్త్రీలపై అత్యాచారాలు చేశారు. ప్రాణాలతో మిగిలినవారు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. తిరిగి ఆ ఊరికి వెళ్లబోమన్నారు. ఆ శిబిరం చుట్టూ సాగిన ఉద్యమం నుంచే దళిత మహాసభ పుట్టింది. బాధితులు చీరాలలోనే స్థిరపడ్డారు. వారితోపాటే వారి మృతుల జ్ఞాపకమూ ఊరు విడిచింది. స్మారకం చీరాలలో ఉండటానికి కారణం అంతే. చంపినచోట కాక, బతికినవారు చేరినచోట అది లేచింది.

మన నేలకు స్మారక శిలలు కొత్త కాదు. శత్రువులు తోలుకుపోతున్న పశువులను కాపాడుతూ నేలకొరిగిన వాడికి ఊరు వీరగల్లు నిలిపేది. అది ఊరి రాయి, ఊరంతా మొక్కే రాయి. ఆవుల మంద కోసం చనిపోయినవాడికి పొలిమేరలో చోటు దొరికింది. గేదెల కుడితి తాగునీటిలో కలపవద్దన్నందుకు చనిపోయినవారికి మాత్రం ఊళ్లో చోటు లేకపోయింది. ఇక ఆధునిక ప్రభుత్వం పాతే బోర్డుల సంగతి. పురావస్తు శాఖ నీలం బోర్డు కట్టడం గురించి చెప్పేదానికన్నా 1958 చట్టం కింద పడే శిక్ష గురించే ఎక్కువ చెబుతుంది. పర్యాటక శాఖ బోర్డు గుడికో కోటకో బాణం గుర్తు వేసి ఊరుకుంటుంది.

పుణె–అహ్మద్‌నగర్ రహదారి పక్కన భీమా కోరేగావ్ స్తంభం ఉంది. 1818 జనవరి 1 నాటి యుద్ధానికి గుర్తుగా ఈస్టిండియా కంపెనీ తన గొప్ప కోసం కట్టుకున్నదది. అయినా చనిపోయిన సిపాయిల పేర్లు దానిపై చెక్కారు. వాటిలో ‘నాక్’తో ముగిసే మహర్ల పేర్లు ఉన్నాయి. 1927 జనవరి 1న అంబేడ్కర్ అక్కడికి వెళ్లిన తర్వాత ఆ రాయి అర్థమే మారిపోయింది. రాయి ఎవరు నాటారన్నది ముఖ్యమే కానీ, పేర్లు చెక్కి ఉంటే తరువాతి తరం వచ్చి వాటిని తన కళ్లతో చదువుకోగలదు.

కారంచేడు తర్వాత ఆరేళ్లకు, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి కొన్ని శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. సినిమాహాలులో కాలు తగిలిందన్న గొడవ అక్కడిదాకా వచ్చింది. ఇక్కడ దళితులు కారంచేడు పాఠాన్ని మరోలా చదివారని నా అభిప్రాయం. మృతులను ఊరి నడుమనే పూడ్చారు. ఆ స్థలం రక్తక్షేత్రమైంది. విచారణ కూడా తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక న్యాయస్థానాన్ని చుండూరుకే రప్పించుకున్నారు. 2007 జూలై 31న ఆ న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులని వదిలేసింది. హత్య జరగలేదని ఏ కోర్టూ అనలేదు. కాని హంతకులెవరన్న గడి ఖాళీ అయింది. ఆ ఎనిమిది మంది మాత్రం ఇప్పటికీ ఊరి నడుమనే ఉన్నారు. దారిన పోయేవారు చూడక తప్పదు.

అందుకే కారంచేడు చెరువుగట్టు మీద కూడా ఒక శిల ఉండాలంటాను. చీరాల స్మారకానికి అది ప్రత్యామ్నాయం కాదు. చీరాలలోది బాధితులది, చెరువు దగ్గరిది ఊరిది కావాలి. ఊరు ఒప్పుకుంటుందా అన్న అనుమానం నాకూ ఉంది. ఒప్పుకున్నా ‘ఘటన’ అనే మాటతో సరిపెడతారేమో! పత్రికలు, ప్రభుత్వ పత్రాలు అన్నీ ‘కారంచేడు ఘటన’ అనే రాశాయి, తుపాను గురించి రాసినట్టు. ఘటనకు కర్త ఉండడు. దాడికి ఉంటాడు.

ఆ శిల మీద ఏం రాయాలో మూడు వాక్యాల్లో రాసి తెమ్మని విద్యార్థులకు పని ఇచ్చాను. చంపినవారి కులం పేరు రాయాలా వద్దా అన్నచోట తరగతి రెండుగా చీలింది. ఈనాటి పిల్లలు ఆ రాయి ముందునుంచే బడికి వెళ్లాలి కదా అని ఒకమ్మాయి అంది. మాదిగపల్లె పిల్లలు ఆ చెరువు ముందునుంచే వెళ్లలేదా అని మరొకరు అడిగారు. రాయాలన్నదే నా పక్షం, ఆ మాట వారికి చెప్పాను కూడా. వాదం తేలలేదు, వచ్చే వారానికి వాయిదా పడింది. సువార్త బిందె గురించి మాత్రం అందరూ రాసుకొచ్చారు.