ఇసుక నేలపై పచ్చిక

విద్యార్థులారా, మన మలేసియాలో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. గడ్డిని పెంచుట కంటె పెరికివేయుటయే ఇచట పని. రబ్బరు తోటలలో మన పెద్దలు జీవితమంతయు చేసినది అదియే. అట్టి మనకు, సౌదీ అరేబియాలోని ఉనైజాలో ఒక ముంగిటి నిండ పచ్చిక పరచుట ఎంతటి శ్రమయో తోచదు.

ఖసీమ్ ప్రాంతమున, బురైదా నగరమునకు దక్షిణమున, ఖర్జూర వనముల నడుమ ఉన్న ఊరది. వాన సుమారు 100 నుండి 150 మిల్లీమీటర్లే. వేసవిలో ఎండ 45 డిగ్రీలను తాకును. అచటి పచ్చికలకు తగిన గడ్డి మాత్రము మనమెరిగినదే: వినాయక చవితి పూజలో ఉంచు గరిక జాతి. అది ఎండకును, కొంత ఉప్పునకును ఓర్చుకొనును. చలికాలమున వన్నె తప్పును గనుక, చలి తగ్గిన మార్చి, ఏప్రిల్ నెలలలో పరచుట మేలు.

ఇసుకలో పోసిన నీరు నిలువదు. అందుచే ముందుగా రాళ్లు ఏరి, జానెడు లోతు త్రవ్వి, బాగుగా మాగిన ఎరువును నాలుగు వ్రేళ్ల మందమున కలుపవలెను. పచ్చి ఎరువు వేసినచో వేళ్లు మాడును. బావినీటిలోని ఉప్పు, నీరు ఆవిరియైన పిదప నేలపైననే మిగులును. కావున ఒకసారి నిండుగా నీరు పెట్టి దానిని లోనికి దింపవలెను. ఆరిన తరువాత చదును చేసి త్రొక్కవలెను. ఈ పనికే రోజులు పట్టును. తొందరపడువారు ఇచటనే చెడుదురు.

మట్టితో కోసి తెచ్చిన గడ్డి చాపలను ఆనాడే పరచవలెను. చుట్టి ఉంచినచో లోపల వేడెక్కి పసుపుబారును. ఉదయమున మొదలిడి, తిన్నని అంచు వెంట తొలి వరుస వేయుడు. తరువాతి వరుసల అతుకులు ఇటుక గోడలో వలె తప్పి ఉండవలెను. చాప క్రింద బోలు ఉన్నచోట వేరు గాలిలో ఎండును గనుక అరచేతితో అదుముడు. వెంటనే నీరు పెట్టుడు.

ఆ నీరు ఎచటిది? ఖసీమ్ బావులకు నీరిచ్చునది సాక్ అను ఇసుకరాతి పొర. అందులోని నీరు వేల ఏండ్ల నాటిది. నేటి కొద్దిపాటి వాన దానిని నింపజాలదు. ఖర్జూరపు చెట్టునకును, పచ్చికకును అదే నీరు కావలెను. పిల్లలు ఆడుకొనునంత పచ్చిక చాలునని నా అభిప్రాయము.

రెండు వారములు నేల తడి ఆరనీయరాదు. పిదప ఒక మూలను మెల్లగా ఎత్తి చూడుడు. సులభముగా లేచినచో ఇంకను వేరు దిగలేదు. పట్టుకొని ఉన్నచో, నాటినుండి నీరు పెట్టు సార్లు తగ్గించి, పెట్టినప్పుడు లోతుగా తడుపుడు. వేరు నీటిని వెదకుచు క్రిందికి పోవును.