అవతమసము, మబ్బు, కొరియా చీకటి

అమరకోశము ప్రథమకాండమున చీకటికి అయిదు పర్యాయములు చెప్పి, ఆ వెంటనే మూడు భేదములు చెప్పబడినవి. గాఢమైనది అంధతమసము, క్షీణించినది అవతమసము, అంతటను వ్యాపించినది సంతమసము. ఈ మూడు రూపముల సిద్ధికై పాణిని ప్రత్యేకముగా ఒక సూత్రమునే (5-4-79) రచించెను. చీకటికి తారతమ్యము కలదని శాస్త్రకారులు ఎరిగియుండిరనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

2024లో హాన్ కాంగ్‌కు నోబెల్ బహుమతి లభించినది మొదలు కొరియా కథలపై మన పాఠకుల దృష్టి మరలినది. ఆ కథలను తెనిగింపబూనిన వారికి ఎదురగు చిక్కులలో చీకటి యొకటి. చిమ్మచీకటి, కటికచీకటి, కారుచీకటి అను మన వాడుక మాటలు మూడును అంధతమసమునే చెప్పును. పుటపుటకు వీనినే మార్చి మార్చి వాడినచో మూలమున నాలుగు విధములైన చీకటి తెలుగున ఒక్కటే యగును.

కొరియా భాషలో అచ్చు మారినచో చీకటియే మారును. 'ఖమ్‌ఖమ్' అన్నచో కన్ను పొడిచినను కానరాని నల్లని చీకటి. అందలి అకారము ఒకారమునకు దగ్గరియగు అచ్చుగా మారి 'ఖొమ్‌ఖొమ్' అయినచో మందముగా, దిగులుగా పరచుకొన్న చీకటి. తెలుగున 'పులి' 'పులులు' అగునప్పుడును అచ్చు మారును గాని, అది ఉచ్చారణ సౌలభ్యమునకే. దానివలన పులి స్వభావము మారదు. కావున ఈ భేదమును అచ్చులతో గాక పదములతోనే చూపవలెను. 'ఒదుక్ ఒదుక్' అను జంటపదమునకు మాత్రము మన 'మసకమసకగా' చక్కగా సరిపోవును.

సూర్యుడు క్రుంకినది మొదలు పూర్తిగా చీకటి పడువరకు గల వేళను వారు 'తంకొమి' అందురు. అదే వ్రాతలో నున్న మరియొక పదము 'తంగొమి' అని పలుకబడి నేలసాలీడును చెప్పును. ప్రమాదవశమున ఊరిపై సాలీడు దిగినదని అనువదించిన నవ్వులపాలగుట తప్పదు.

ఇట్టి చిక్కే నల్లగొండ, పాలమూరు మాటలలోనూ కలదు. అచ్చట 'మబ్బుల లేచిండు' అన్నచో మేఘములలో లేచెనని కాదు, తెల్లవారకముందటి చీకటిలో లేచెనని. మోట తోలిన దినములలో రైతు ఎడ్లను కట్టిన వేళ అదియే. 2018 జనవరి 1న వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు మొదలగువరకు రాత్రి కరెంటుకై బావికడకు నడచినదియు తరచుగా ఆ చీకటిలోనే. మబ్బు విరిసి నసుకు కాగా తూర్పు తేటపడును. ఇవియే అమరము చెప్పిన అవతమసమునకు బ్రదికియున్న తెలుగు మాటలు. సాయంకాలపు 'తంకొమి'కి ఇవి పనికిరావు. దానికి 'పొద్దుగూకిన చీకటి', 'మునిమాపు' కలవు.

కోస్తా పాఠకుడు మబ్బును మేఘమనుకొనడా అని ఆక్షేపింపవచ్చును. 'కోడి కూయని మబ్బున' అని వ్రాసినచో అట్లనుకొనుటకు తావులేదు. అయితే సియోల్ నగరవాసి నోట పాలమూరు యాస పెట్టుట వేరు, కథకుని వర్ణనలో ఒక పదమును గ్రహించుట వేరు. మొదటిది అనౌచిత్యమే.

ఎచ్చట కొత్త మాట అక్కరలేదో అదియు తెలియవలెను. దీపము క్రింద చీకటి యను సామెత కొరియాలోనూ ఉన్నది. నిరాశలో కన్నులముందు చీకట్లు కమ్ముటయు ఉభయ భాషలకు సమానమే.

తమస్సు తేజోభావమే యని తార్కికులు, నీలరూపము, చలనము కలిగిన ద్రవ్యమని భాట్టులు వాదించిరి. ఔలూక దర్శనమే తమస్తత్త్వ నిరూపణమునకు తగినదని నైషధము ఇరువది రెండవ సర్గమున శ్రీహర్షుడు పరిహసించెను. కణాదునకు ఉలూకుడను పేరు కలదు గదా! అనువాదకుడు మాత్రము భాట్టపక్షమున నిలువక తప్పదు. కొరియాలో చీకటి దిగును, తెలుగున పడును, కమ్మును, విరియును. అభావమునకు ఇన్ని క్రియలు పొసగవు.