కోసిన లోయ, కుంగిన లోయ

గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు గనిలో పనిచేయు ఒక కార్మికుడును, అతని భార్యయు నాలుగు దినములు సెలవు చూచుకొని గండికోటకు బయలుదేరినారని అనుకొందము. రామగుండములో రైలెక్కి, కాజీపేట మీదుగా హైదరాబాదు చేరి, కాచిగూడలో మరియొక రైలెక్కి, కర్నూలు, గుత్తి, తాడిపత్రి దాటి వారు ముద్దనూరులో దిగుదురు. అక్కడినుండి గండికోట సుమారు 25 కిలోమీటర్లు. ఊరిలో దారి చూపువారొకరు వారిని కోటలోనికి నడిపించి, మాధవరాయస్వామి ఆలయమును, జుమ్మా మసీదును చూపించి, తుదకు బండల అంచునకు తీసుకొనిపోవుదురు.

క్రింద పెన్నానది. ఇరువైపుల ఎర్రని రాతిగోడలు నిట్టనిలువుగా, దాదాపు 100 మీటర్ల ఎత్తున నిలిచియున్నవి. వాటిని చూచి ఆమె భర్తను ఇట్లు అడుగును: “మనదీ గోదావరి లోయే అంటారు గదా! మరి ఇటువంటి గోడలు మన దగ్గర ఏవి?”

ప్రశ్న చిన్నదే. కాని దాని జవాబులో మన బొగ్గు చరిత్ర అంతయు ఇమిడియున్నది.

గండి ఎట్లు పడినది?

చెరువుకట్ట తెగినచోటును మనము గండి అందుము. ఎర్రమల కొండలకు పెన్న కొట్టిన గండి ఇది. చెరువుకట్ట ఒక్క రాత్రిలో తెగవచ్చును. ఈ పనికి మాత్రము లక్షల సంవత్సరములు పట్టినది. ఉత్త నీరు ఇంత గట్టి రాతిని కోయజాలదు. వరదతో దొర్లివచ్చు ఇసుక, గులకరాళ్లు ఆకురాయివలె నది అడుగును ఒరయును. ఇచ్చటి రాయి క్వార్ట్‌జైటు. అనగా ఇసుక రేణువులు సిలికాతో అతుకుకొని మిక్కిలి గట్టిపడిన రాయి. దాని పొరలు దాదాపు బల్లపరుపుగా పరచుకొనియున్నవి. వాటిని నిలువు బీటలు చీల్చినవి. నది అడుగును తొలిచిన కొలది, బీటల వెంట బండలు విడివడి క్రిందపడును. అందుచేత గోడ వెనుకకు జరిగినను నిలువుగనే యుండును.

నదులు కోసిన లోయలు లోకములో అనేకము కలవు. మెక్సికో దేశమున చీవావా రాష్ట్రములోని ‘రాగి కనుమ’ యందు కొన్ని లోయలు 1,800 మీటర్లకు పైగా లోతు గలవి. అక్కడి రాయి అగ్నిపర్వతములు చిమ్మిన బూడిద గట్టిపడి ఏర్పడినది. చీవావా నగరము నుండి పసిఫిక్ తీరమునకు ఆ కొండల మీదుగా సుమారు 650 కిలోమీటర్ల రైలుమార్గము 1961లో పూర్తియైనది. యాత్రికులు రైలు దిగి లోయలలోనికి నడిచిపోవుదురు. రాయి వేరైనను, లోయను కోసిన పనిముట్టు రెండుచోట్ల ఒక్కటే: నది.

గండికోట రాయి అతి ప్రాచీనమైనది. ఆ కాలమున నేలపై చెట్టు గాని, గడ్డిపోచ గాని లేదు. నేలపై మొక్కలు తలయెత్తి సుమారు 47 కోట్ల సంవత్సరములే అయినది. చెట్టు లేనిదే బొగ్గు లేదు. కనుక ఆ బండలలో ఎంత త్రవ్వినను బొగ్గు దొరకదు.

మన నేల కుంగినది

గోదావరిఖని వద్ద జరిగినది వేరు. అక్కడ లోయను నది కోయలేదు, నేలయే కుంగినది. భూమి పైపొర సాగి, వాయవ్యము నుండి ఆగ్నేయమునకు పొడవైన చీలికలు పడినవి. నులక వదులైన మంచము నడుమ దిగినట్లు, ఆ చీలికల నడుమ నేల దిగినది. సుమారు 28 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ పల్లములో నదులు పారెడివి, చిత్తడి అడవులు పెరిగెడివి. అప్పుడు భారతదేశము, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా కలిసి గోండ్వానా అను ఒకే ఖండముగ ఉండెను. గ్లాసోప్టెరిస్ అను చెట్ల ఆకులు, మ్రాకులు నీటిలో మునిగి, పూర్తిగా కుళ్లక పేరుకొనినవి. వాటిపై నదులు ఇసుకను కప్పినవి. నేల మరల కుంగినది; మరల అడవి పెరిగినది. బొగ్గు సీముల నడుమ ఇసుకరాతి పొరలుండుటకు కారణమిదే.

నేల కుంగకున్నచో ఆ అడవి అవశేషములు గాలికి, వానకు ఏనాడో నశించియుండెడివి. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున కనుగొనిన బొగ్గు అట్లు దాగియున్నదే.

ఇప్పుడు ఆమె ప్రశ్నకు జవాబు తేలిక. గోదావరి లోయకును గోడలున్నవి. అయితే పల్లములో వేల మీటర్ల మందమున రాతిపొరలు నిండిపోవుటచే అవి పైకి కనబడవు. రామగుండము, మంచిర్యాలల నడుమ రైలు వంతెన దాటునప్పుడు మనకు కనబడునది ఆ నిండిన పల్లము పైభాగమే. కుంగుడుకు గుర్తులు మాత్రము గని లోపల కలవు. సీము ఒక్కసారిగా తెగి, అవతల మరింత లోతున దొరకును. గని కార్మికులు దానిని ఫాల్టు అందురు.

మనిషి త్రవ్వు లోయ

నేటి ఓపెన్‌కాస్టు గని మూడవ రకము లోయ. బొగ్గుపైనున్న రాతిని, మట్టిని కార్మికులు ‘ఓబీ’ అందురు. షావెళ్లు దానిని ఎత్తిపోయగా డంపర్లు మోసుకొనిపోవును. ఈ గని గోడను గండికోట గోడవలె నిలువుగ ఎందుకు కోయరాదు? బొగ్గుపైనున్న ఇసుకరాయి క్వార్ట్‌జైటు వంటి గట్టిరాయి కాదు. వాననీరు బీటలలో దిగినచో దాని పట్టు సడలును. అందుచేతనే గోడను మెట్లుమెట్లుగా, బెంచీలుగా కోయుదురు. వాననీటిని కాలువలతో మళ్లింతురు. అంచున క్రొత్త బీట కనబడినచో మనుషులను, యంత్రములను వెంటనే తప్పింతురు.

నది కోసిన చోట బండ కూలినను నదికి నష్టము లేదు. మనిషి త్రవ్విన చోట గోడ క్రింద మనుషులుందురు. ఏ రాయి ఎంత వాలున నిలుచునో తెలిసికొనుట గండికోటలో వేడుక; గోదావరిఖనిలో అది ప్రాణరక్షణ.