అంపైర్ పోగొట్టుకున్న నకారం

క్రికెట్‌లో వేలెత్తి ఔటిచ్చే అంపైర్ పేరు ఒకప్పుడు నకారంతో మొదలయ్యేది. పాత ఫ్రెంచిలో 'నోన్‌పెర్' అంటే జతలేనివాడు. ఇద్దరి తగువులో ఎవరి పక్షమూ కాని మూడో మనిషి అన్నమాట. అది 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. బళ్లో నేర్పే ఎ, యాన్‌లు వడిగా మాట్లాడేటప్పుడు 'అ', 'అన్'గా కుదించుకుపోతాయి. 'అ నంపైర్' అని ఒకరంటే, విన్నవాళ్లు 'అన్ అంపైర్' అని విడగొట్టుకున్నారు. నకారం ముందు మాటలో కలిసిపోయింది.

వంట చేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్ కూడా ఒకప్పటి 'నాప్రన్'. దాని దాయాది నాప్కిన్ మాత్రం నకారాన్ని వదల్లేదు. ఆడర్ అనే విషసర్పానిదీ అదే కథ, జర్మన్‌లో ఆ పేరుకు దాయాది అయిన 'నాటర్' నకారాన్ని ఇప్పటికీ వదల్లేదు. ఇందుకు తిరగబడినదీ ఉంది: అదనపు పేరనే అర్థంలో ఉన్న 'ఎక్‌నేమ్' యాన్ దగ్గర నకారం లాక్కుని నిక్‌నేమ్ అయింది.

ఆరెంజ్‌నూ కొందరు ఈ వరసలో చేర్చేస్తుంటారు. అది పొరపాటు. సంస్కృత నారంగం పారశీక, అరబ్బీ భాషల మీదుగా ఐరోపా చేరి, ఇంగ్లీషు గడప తొక్కకముందే నకారం పోగొట్టుకుంది. మన నారింజకు ఆ బెడద లేదు.

నిజానికి యాన్ తర్వాత పుట్టుకొచ్చింది కాదు. 'ఒకటి' అనే అర్థమున్న పాత ఇంగ్లీషు 'ఆన్'కు దగ్గరి రూపం అదే. హల్లుల ముందు నకారం అరిగిపోగా మిగిలింది ఎ.

ఏది ఎక్కడ రావాలో తేల్చేది అక్షరం కాదు, ధ్వని. అవర్‌లో హెచ్ పలకదు కాబట్టి యాన్, యూనివర్సిటీ యకారంతో మొదలవుతుంది కాబట్టి ఎ. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో యూనికార్న్ ముందూ, వన్ ముందూ కూడా యాన్ కనిపిస్తుంది. పాత పలుకుబడిలో ఆ మాటల మొదట అచ్చే వినిపించేది. వన్ పాత ఉచ్చారణ ఆనవాలు ఓన్లీ, అలోన్ మాటల్లో ఇంకా ఉంది. హెర్బ్ అనే మాటకైతే అమెరికాలో యాన్, బ్రిటన్‌లో ఎ. అమెరికావాళ్లు హెచ్ పలకరు, బ్రిటన్‌వాళ్లు పలుకుతారు.

పొడి అక్షరాలకూ ఇదే లెక్క. మెంబర్ ముందు ఎ వస్తుంది, ఎమ్మెల్యే ముందు యాన్. అయితే మాట మొదటి ఎకారానికి యకారం, ఒకారానికి వకారం తగిలించడం తెలుగు నాలుకకు అలవాటు: ఎవరు 'యెవరు' అవుతుంది, ఒకటి 'వొకటి' అవుతుంది. ఇంగ్లీషు పేపర్లో యాన్‌తో అచ్చయిన ఎమ్మెల్యేను మనవాళ్లు చాలామంది 'యెమ్మెల్యే' అనే చదువుతారు. ఆ ఉచ్చారణకు సూత్రం ప్రకారం రావలసింది ఎ.