ఆకులోని పోషకాలు

శిశిరంలో నల్లమల అడవిలో నడిచేవారి పాదాల కింద ఎండిన టేకాకులు గలగలలాడుతాయి. పనికిరానివాటిని చెట్టు పారవేసిందని చూచేవారు అనుకొంటారు. నిజానికి, రాలకముందే చెట్టు ఆ ఆకులలోని పోషకాలను చాలావరకు వెనుకకు తీసుకొని ఉంటుంది.

పచ్చని ఆకులో నత్రజని, భాస్వరం, పొటాషియం, కాల్షియం మొదలైన మూలకాలు ఉంటాయి. నత్రజనిలో అధికభాగం కిరణజన్య సంయోగక్రియను నడిపే మాంసకృత్తులలో ఉంటుంది. ఆకు పండబారేటప్పుడు ఈ మాంసకృత్తులు విచ్ఛిన్నమవుతాయి. ఆకులోని నత్రజని, భాస్వరాలలో సుమారు సగం, కొన్ని జాతులలో అంతకంటె ఎక్కువ, కొమ్మలకూ కాండానికీ తరలిపోతుంది. మరుసటి చిగురుకు అదే పెట్టుబడి. కాల్షియం మాత్రం అలా మరలిపోలేదు. వేళ్లు పీల్చిన నీటితో ఆకును చేరి, అక్కడి కణకవచాలలో స్థిరపడిపోతుంది. కనుక ఆకు ముదిరేకొద్దీ నత్రజని పాలు తగ్గుతుంది, కాల్షియం పాలు పెరుగుతుంది. కొండముచ్చులు ముదురాకులను వదలి చిగుళ్లను ఏరుకొని తినడానికి ఇదొక కారణం.

చెట్టు జాతిని బట్టి కూడా ఈ పాళ్లు మారుతాయి. చిక్కుడు కుటుంబానికి చెందిన చండ్ర వంటి చెట్ల వేరుబుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థాపిస్తుంది. అందువలన వాటి ఆకులలో సాధారణంగా నత్రజని అధికం. నేల ప్రభావమూ తక్కువది కాదు. లాటరైట్ నేలలలో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని బిగించి పట్టుకొంటాయి. అక్కడి చెట్లకు అది అరుదైన సరకు. ఇక ఒకే చెట్టుపై సైతం ఎండకు పెరిగిన ఆకు దళసరిగా, నీడన పెరిగినది పలుచగా ఉంటుంది. చదరపు అంగుళానికి లెక్కిస్తే ఎండాకులోనే నత్రజని ఎక్కువ.

రాలిన ఆకులో మిగిలినది శిలీంధ్రాల వలన, చెదల వలన నేలకు చేరి, మరల వేళ్లకు అందుతుంది. ఈ రాకపోకలకు అడ్డుపడితే అడవి బక్కచిక్కుతుంది. జర్మనీలో రైతులు పశువుల కొట్టాలలో పరచడానికి తరతరాలుగా అడవిలోని ఆకులను ఊడ్చుకొనిపోయేవారు. దీనివలన నేల ఎంత నష్టపోతున్నదో ఎర్న్‌స్ట్ ఎబర్‌మాయర్ 1876లో బవేరియా అడవుల లెక్కలతో నిరూపించాడు. మన అడవులలో వేసవి మంటలు చేసే నష్టం మరొక విధమైనది. ఆకులు కాలితే నత్రజనిలో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. కాల్షియం, పొటాషియం బూడిదలో మిగులుతాయి. కాని ఏటవాలు కొండలపై ఆ బూడిదను తొలకరి వాన వాగులలోకి ఈడ్చుకొనిపోతుంది.